150 ప్లాన్‌కి 11 వస్తోంది: నల్గొండలో మా నెట్ బాగుచేయించుకున్న కథ

సద్దుల బతుకమ్మ రోజు మా ఆడబిడ్డ పుణె నుంచి వీడియో కాల్ చేసి బతుకమ్మను చూపించమంది. నేను ఫోన్ తిప్పి చూపిస్తూనే ఉన్నాను, అటు నుంచి "వదినా, గునుగు పూల కాడ ఆగిపోయింది, నువ్వు గూడ ఆగిపోయినవ్" అంటోంది. అప్పటికే మూడు వారాలుగా మా ఇంట్లో ఇదే తంతు.

నాది ఇంటి నుంచి చేసే మెడికల్ కోడింగ్ పని. పై గదిలో కూర్చుంటాను. రోజుకిన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది, వీపీఎన్ (ఆఫీసు సిస్టమ్‌కి కలిపే భద్రమైన దారి) తెగిందంటే మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ, తెరిచిన చార్టు మళ్లీ మొదటి నుంచి. రాత్రి ఎనిమిది దాటితే గంటలో నాలుగైదు సార్లు తెగేది. టీమ్ లీడ్‌కి ఎన్నిసార్లని "నెట్ పోయింది" అని చెప్తాం, ఆమెకు నేనేదో సీరియల్ చూస్తున్నానని అనుమానం వచ్చే దాకా వెళ్లింది. ప్లాన్ 150 ఎంబీపీఎస్, పై గదిలో టెస్ట్ పెడితే 11.

కస్టమర్ కేర్ సంగతి ఎక్కువ చెప్పను, మీకూ తెలిసిందే. రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు, చేశాను. మర్నాడు ఇంకొకరు అదే చెప్పారు. కంప్లయింట్ నంబర్ ఇస్తారు, ఎవరూ రారు, రెండు రోజులకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. నాలుగుసార్లు పరిష్కరించారు అట్లా.

మా ఆయన వాదన వేరే. ఏదో సినిమా డౌన్‌లోడ్ పెడితే 18 కూడా రావడం లేదు, 150 అని చెప్పి మోసం చేస్తున్నారు అని. అది మోసం కాదు, వాళ్లు చెప్పే 150 మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో చూపించేది మెగాబైట్లు, ఎనిమిదితో భాగిస్తే 18.75 దగ్గరే ఆగుతుంది. కానీ మాకు ఆయన అడిగే 18 కాదు కదా, రెండు కూడా రాని రోజులున్నాయి. డేటా అయిపోయి స్పీడ్ తగ్గించారేమో అని కూడా చూశాను. అన్‌లిమిటెడ్ అని అమ్మే చాలా ప్లాన్లకు లోపల నెలకు 3300 జీబీ అనే హద్దు ఉంటుంది. యాప్‌లో మా వాడకం చూస్తే అందులో పావు వంతు కూడా లేదు.

ఇట్లా కాదని ఒక పాత నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. పై గదిలో ఎంత, హాల్లో ఎంత, పొద్దున ఎంత, రాత్రి ఎంత. పై గదిలో 11, హాల్లో రౌటర్ ఎదురుగా 45. అంటే మధ్యలో ఉన్న స్లాబు, గోడలు చాలా తినేస్తున్నాయి, అది వైఫై లెక్క. కానీ రౌటర్ ఎదురుగా నిలబడ్డా 45 దాటడం లేదంటే అది వైఫై ఒక్కదాని లెక్క కాదు. ఈ రెండు జబ్బులు వేరు వేరని అర్థమవడానికి నాకు ఇంకో వారం పట్టింది, ఎందుకంటే ముందు కనపడిన దాని మీదే పడ్డాను.

వైఫై పని సులువుగానే అయింది. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి చూస్తే మా పై గదికి పదిహేడు నెట్‌వర్క్‌లు తగులుతున్నాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే, మాది 4లో కూర్చుని, పైగా 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టుకుని, ఇటు 1 వాళ్లతోనూ అటు 6 వాళ్లతోనూ కొట్లాడుతోంది. రౌటర్ పేజీలోకి వెళ్లి (మాకు 192.168.1.1, యూజర్ పేరు, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్నాయి) 11కి మార్చి, వెడల్పు 20 చేశాను. రెండో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టాను, హాల్లో టీవీ, ఫోన్లు దాని మీదికి పోయేటట్టు. పై గదిలో 11 కాస్తా 24 అయింది. పండగ చేసుకున్నాను. ఆ రాత్రి తొమ్మిదికి వీపీఎన్ మళ్లీ మూడుసార్లు తెగింది.

నిజానికి నా పనికి 24 ఎక్కువే. స్పీడు పెరిగినా తెగడం తగ్గలేదంటే నేను కొలుస్తున్నదే తప్పేమో అనిపించింది. మా తమ్ముడి పాత లాప్‌టాప్‌కి ల్యాన్ పోర్ట్ ఉంది, అది తెప్పించి, వైఫై ఆపేసి, వైరు నేరుగా రౌటర్‌కి పెట్టాను. ముందు రౌటర్‌కే వంద పింగ్‌లు (ఉన్నావా అని పంపి జవాబు కోసం చూసే చిన్న మెసేజ్‌లు) కొట్టాను, వందకు వంద తిరిగొచ్చాయి. తర్వాత 8.8.8.8కి వంద కొట్టాను, అది గూగుల్ సర్వర్ అడ్రస్, బయటి లోకం అన్నమాట. తొమ్మిది పోయాయి. లాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా ఒక్కటీ పోలేదు, రౌటర్ దాటాక వందకు తొమ్మిది పోతున్నాయి. ఈ రెండు లైన్ల పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే నాకు ఛానెళ్ల గొడవ కొంత తప్పేది. మీరు ఇంకేమీ చేయకపోయినా ఇది చేయండి, వైఫై మీద మాత్రం కాదు, వైరు మీద.

అప్పుడు రౌటర్ పేజీలో మళ్లీ వెతికితే ఆప్టికల్ సమాచారం అని ఒక చోట కనిపించింది. ఆర్‌ఎక్స్ పవర్: -28.6 డీబీఎం. ఇది ఫైబర్ లోంచి మన రౌటర్‌కి చేరుతున్న వెలుతురు. మైనస్ అంకె కాబట్టి ఎంత పెద్దగా కనపడితే అంత తక్కువ వెలుతురు. మన ఇళ్లకొచ్చే జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) ఫైబర్‌లో మామూలుగా -27 దాకా తట్టుకునేటట్టు రౌటర్లు చేస్తారు, మాది అది దాటి ఉంది. పూర్తిగా పోతే ఎర్ర లైటు వెలుగుతుంది, అందరం దాని కోసమే చూస్తాం. మాకు ఎర్ర లైటు ఎప్పుడూ రాలేదు, పచ్చగా వెలుగుతూనే లోపల లోపల డేటా పోగొడుతోంది.

ఎదురింటి రిటైర్డ్ టీచర్ సారుదీ ఇదే కనెక్షన్. ఆయన్ని అడిగి వాళ్ల రౌటర్ పేజీ చూశాను. -19.1. "ఏందమ్మా, నాకు ఎక్కువొచ్చిందా తక్కువొచ్చిందా?" అన్నారు. ఈ డీబీల లెక్కలో మూడు తగ్గితే వెలుతురు సగం, పది తగ్గితే పదో వంతు. మా ఇద్దరికీ తేడా తొమ్మిదిన్నర, అంటే ఆయన రౌటర్‌కి చేరే దాంట్లో మాకు దాదాపు తొమ్మిదో వంతు మాత్రమే అందుతోంది, మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డు. సారు లెక్కల టీచరే కాబట్టి నాకంటే ముందే లెక్క కట్టేశారు.

ఆదివారం మా ఆయనా నేనూ టీవీ యూనిట్ ముందుకి లాగాం. వెనకాల ఫైబర్ తీగను ఎవరో చుట్టలు చుట్టి రబ్బరు బ్యాండు వేశారు, అది గోడకీ యూనిట్‌కీ మధ్య నలిగి మడత పడి ఉంది. ఫైబర్ అంటే వెంట్రుకంత గాజు, రాగి తీగ లాగా వంచితే లోపలి వెలుతురు ఆ వంపు దగ్గర బయటికి కారిపోతుంది. అత్తమ్మ దూరం నుంచే "దాంట్ల కరెంటు ఉంటదేమో, ముట్టకుండ్రి" అంది. కరెంటు లేదు కానీ ఒక మాట, ఆ తీగ ఊడదీసి కొస లోకి తొంగి చూడకండి, కంటికి కనపడని లేజర్ అది. రబ్బరు బ్యాండు తీసి, పళ్లెమంత చుట్టగా వదులు చేసి పెట్టాను. -28.6 పోయి -26.2. వందకు పోయేవి మూడుకు తగ్గాయి. ఇంకా ఏడు డీబీలు ఎక్కడో రోడ్డు మీద కారిపోతున్నాయి.

ఈసారి కేర్‌కి ఫోన్ చేసి అంకె చెప్పాను. "మేడమ్, ఒకసారి రౌటర్ ఆఫ్ చేసి..." పెట్టేశాను. ఎట్లాగో లైన్ చూసే అబ్బాయి నంబర్ దొరికింది, ఆయన ఇంటికి వచ్చి, స్పీడ్ టెస్ట్ తన ఫోన్‌లో పెట్టి, "మా దిక్కెల్లి అంత మంచిగనే ఉంది అక్కా. కోతులు ఊగుతున్నయి వైర్ల మీద, మేమేం జేస్తం?" అన్నాడు. మా కాలనీలో కోతుల బాధ నిజమే, అత్తమ్మ వడియాలు ఎండబెట్టడం మానేసి ఏడాదైంది. కానీ ఎదురింటి వైరు మీద ఊగని కోతి మా వైరు మీదే ఎందుకు ఊగుతుంది? ఆ మాటే అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు.

చాలామంది ఇక్కడ ట్రాయ్‌కి, అంటే టెలికాం కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థకి, రాస్తామంటారు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు. ముందు కంపెనీ కేర్‌లో ఫిర్యాదు, అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ అని ఒకరుంటారు, వాళ్లకు అప్పీలు. వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. పాత నాలుగు కంప్లయింట్ నంబర్లు, -28.6 స్క్రీన్‌షాట్, సారు వాళ్ల -19.1, పింగ్ ఫలితాలు రెండూ పెట్టి అప్పీలు పంపాను. "నెట్ స్లో" అనే మాట ఎక్కడా రాయలేదు. వెలుతురు ఇంత రావాలి, ఇంత వస్తోంది అని మాత్రం రాశాను. మూడో రోజు పొద్దున తొమ్మిదికి వేరే ఆయన వచ్చాడు, భుజాన పవర్ మీటరు, బ్యాగులో ఫైబర్ కొసలు అతికే స్ప్లైసింగ్ మెషిన్.

ఈయన పని చూడముచ్చటగా ఉంది. మాటల్లేవు. ఇంట్లో కొలిచాడు, సందు మొదట్లో ఉన్న డబ్బాలో కొలిచాడు, అక్కడ -18 చిల్లర. అంటే డబ్బాకీ మా ఇంటికీ మధ్యే. మూల మీద స్తంభానికి నిచ్చెన వేసి ఎక్కి, నల్ల టేపు చుట్టిన ముద్ద ఒకటి విప్పి, కిందికి చూసి "అక్కా, మీ సందుల వినాయకుడు ఎంత ఎత్తు ఉండె?" అన్నాడు.

అప్పుడు వెలిగింది. నిమజ్జనం రోజు మా సందు విగ్రహం మూల మలుపులో వైర్లకు అడ్డం పడింది, పిల్లలు కర్రలతో కొన్ని వైర్లు పైకెత్తారు, ఎత్తలేనివి ఎవరో కట్ చేశారు, మర్నాడు ఒకాయన వచ్చి గబగబా కలిపి వెళ్లాడు. అతకకుండా ఒక చిన్న కనెక్టర్‌లో రెండు కొసలూ దూర్చి టేపు చుట్టేశాడు, దాంట్లోకి వాన నీళ్లు, దుమ్ము. మా నెట్ పాడైంది సరిగ్గా ఆ వారం నుంచే. నోట్‌బుక్ ఆ రోజు నుంచి రాసి ఉంటే నాకూ తెలిసేది. ఆ పిల్లల్లో మా వాడూ ఉన్నాడు, కర్ర పట్టుకుని.

కొసలు శుభ్రంగా కోసి, మెషిన్‌లో పెట్టి కరిగించి అతికాడు, నాలుగైదు నిమిషాల పని. ఇంట్లో రౌటర్ పేజీ తెరిస్తే -19.8. పింగ్ వందకు వంద.

స్పీడ్ టెస్ట్ పెట్టాను. 94. మళ్లీ పెట్టాను, 94. ఒక్క పాయింటు కదలదు. ఇదెక్కడి గోల అనుకున్నాను కానీ ఆయన రౌటర్ వెనక్కి చూసి, నా ల్యాన్ వైరు రెండో రంధ్రం లోంచి తీసి మొదటి దాంట్లో పెట్టాడు. 147. మా రౌటర్‌కి మొదటి పోర్ట్ ఒక్కటే గిగాబిట్, మిగతావి వంద ఎంబీపీఎస్‌వే, వంద పోర్ట్‌లో డేటా వెంట వెళ్లే అడ్రసుల లాంటి ఖర్చు పోను చేతికొచ్చేది 94 చిల్లరే. వైరులో ఎనిమిది తీగల్లో ఒకటి తెగినా కొన్నిసార్లు ఇదే అంకె కనిపిస్తుందట, వందకు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. కాబట్టి మీకు 94 దగ్గర గోడ కట్టినట్టు ఆగితే కంపెనీని తిట్టే ముందు వైరు, రంధ్రం చూసుకోండి.

పై గదికి మెట్ల పక్కగా ఒక ల్యాన్ వైరు లాగించాలని ఉంది, ఎలక్ట్రీషియన్ రేపు మాపు అంటున్నాడు. ఈలోపు 24తోనే నడుస్తోంది, తెగడం మాత్రం లేదు. వెళ్లేముందు ఆయన స్తంభం మీద రెండు మీటర్ల వైరు చుట్టగా వదిలిపెట్టాడు, వచ్చే ఏడు కట్ చేసే బదులు అది విప్పి పైకెత్తుకోమని. వంటింట్లో క్యాలెండర్ మీద గ్యాస్ బండ మార్చిన తేదీ రాస్తాం కదా, ఇప్పుడు ప్రతి ఒకటో తారీఖు పక్కన ఆ మైనస్ అంకె కూడా రాస్తున్నాను. ఈ నెల -19.9.