మెయిల్ వచ్చింది, పోయింది

మాది కడపలో బండల వ్యాపారం చేసే చిన్న ఆఫీసు, ఏడు రోడ్ల కూడలికి దగ్గర. నేను లెక్కలు చూస్తాను. ఆర్డర్లన్నీ ఒకే మెయిల్ ఐడీకి వస్తాయి. ఈ మధ్య నాకు కొత్త కంప్యూటర్ ఇచ్చారు. మాటిమాటికీ బ్రౌజర్లో లాగిన్ అవడం విసుగేసి, థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను.

ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే మిగతాది అదే ఊహించుకుంది, తప్పుగా. యూజర్‌నేమ్‌లో ఎట్ గుర్తుకు ముందున్న ముక్క మాత్రమే పెట్టింది; మెయిల్స్ ఉండే మా సర్వర్‌కేమో మొత్తం ఐడీ కావాలి. అన్నీ చేత్తో మార్చాను. మెయిల్స్ రావడానికి ఐమ్యాప్ అనే పద్ధతి, పోర్ట్ (సర్వర్‌లోకి వెళ్లే దారి నంబరు) 993. పంపడానికి ఎస్ఎంటీపీ, పోర్ట్ 587. మెయిల్స్ వస్తున్నాయి గానీ నావి వెళ్లవు. చూస్తే పంపే సర్వర్ దగ్గర 'నో ఆథెంటికేషన్', అంటే పాస్‌వర్డ్ చూపకుండానే పంపమని ఉంది. మార్చగానే వెళ్లాయి. ఇంతవరకు గంట పని.

అసలు టెన్షన్ సోమవారం మొదలైంది. పొద్దున్నే చెన్నై పార్టీ మెయిల్ కళ్లారా చూశాను, పాలిష్ బండలు రెండు సైజుల్లో రేటు అడిగాడు. టీ తాగి వచ్చేసరికి లేదు. ట్రాష్‌లో లేదు, స్పామ్‌లో లేదు.

"నువ్వే డిలీట్ కొట్టింటావులేమ్మా" అన్నారు సార్.

నిజంగా నేనేనేమో అనుకున్నా. మర్నాడు పనులు పక్కన పెట్టి కాపలా కూర్చున్నాను. 10:40కి రెండు మాయం. 11:10కి ఇంకొకటి. అరగంటకోసారి, గడియారం పెట్టినట్టు! అప్పుడు తట్టింది: ఆదివారం వచ్చినవి సోమవారం పొద్దున దాకా చెక్కుచెదరకుండా ఉన్నాయి, గోడౌన్ షట్టర్ తీశాకే పోయాయి.

గోడౌన్‌లో ఒక పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంది. చాన్నాళ్లు మూలన పడి ఉన్నదాన్ని, లోడింగ్ స్లిప్పుల ప్రింటర్ కోసం మూడు వారాల కిందట మళ్లీ ఆన్ చేశారు. మౌస్ మీద బండల పొడి, కీబోర్డులో సగం అక్షరాలు కనపడవు.

"నేనేం ముట్టుకోలేదక్కా, స్లిప్పులు తీసుకునేదానికే ఆన్ చేస్తా" అన్నాడు అక్కడి పిల్లోడు. పాపం, వాడి తప్పేం లేదు. రిటైరైన క్లర్కు ఎప్పుడో పెట్టిన ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే పాత మెయిల్ సాఫ్ట్‌వేర్, మిషన్ ఆన్ కాగానే తనంతట తనే తెరుచుకుంటోంది. అందులో మా ఐడీని పాప్ అనే పద్ధతిలో పెట్టారు. పాప్ మెయిల్‌ని తన దగ్గరికి దించుకుంటుంది. 'సర్వర్‌లో కాపీ ఉంచు' అని టిక్ పెట్టకపోతే అక్కడ తుడిచేస్తుంది. ఐమ్యాప్‌లో నాకు కనిపించేది సర్వర్‌లో ఉన్నదే కాబట్టి, అక్కడ పోయింది నా దగ్గరా పోయింది. బ్రౌజర్లో చూసినన్నాళ్లూ ఎవరో ఒకరు చూసి తీసేశారనుకుని ఊరుకున్నాం.

212 మెయిల్స్ అక్కడ భద్రంగా ఉన్నాయి, ఒక్కటీ చదివినవాళ్లు లేరు. ఆ మిషన్‌లోనే ఐమ్యాప్ అకౌంట్ ఇంకోటి పెట్టి, అన్నిటినీ పట్టి సర్వర్‌లోని ఫోల్డర్‌లోకి లాగాను. సాయంత్రం దాకా పట్టింది. తర్వాత పాప్ అకౌంట్ తీసి పారేశాను.

పందొమ్మిది రోజుల కిందటి ఆర్డర్లకు ఇప్పుడు జవాబులు రాయాలి. ఆలస్యానికి కారణం ఏం రాయమంటారని సార్‌ని అడిగాను.

"సర్వర్ డౌన్ అని రాయమ్మా" అన్నారు.