అమ్మమ్మ అడిగిన బయాలజీ

వీడియో కాల్లో మా అమ్మాయి తెలుగు నాలుగు ముక్కలు దాటదు. బాగున్నాను, తిన్నాను, చదువుకుంటున్నాను, అమ్మకి ఇస్తున్నాను. బోస్టన్ వైపు పెరుగుతున్న మన పిల్లల్లో చాలామందిది ఇదే వరస. తెలుగు బడికి పంపుతాం, సరే. చెప్పడానికి సంగతంటూ ఉండాలి కదా!

మొన్న పరీక్షకి చదువుతుంటే పాలకొల్లు నుంచి అమ్మ ఫోను. "ఏం చదువుతున్నావే?"

"చచ్చిపోయే సెల్స్, అమ్మమ్మా."

"చచ్చినవాటిని ఎవరు తీస్తారు మరి?"

ఇక సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మిగతాది చేతులు. కణం చుట్టూ కొవ్వుతో రెండు పొరలుంటాయి. ఫాస్ఫటిడైల్‌సెరిన్ అనే కొవ్వు మామూలుగా లోపలి పొరలోనే ఉంటుంది. కణం చావుకు సిద్ధమైతే అది బయటి పొరకి వచ్చేస్తుంది. మ్యాక్రోఫేజ్ అనే చెత్త మింగే కణం దాన్ని గుర్తుపట్టి ఆ చచ్చే కణాన్ని మింగేస్తుంది.

"భోంచేశాక విస్తరి మడిచినట్టన్నమాట. మడిస్తేనే తీసేవాళ్ళకి తెలిసేది," అంది అమ్మ.

"మడవడం కాదు, లోపలిది బయటికి!" దీనికి పట్టుదల వచ్చేసింది. బతికున్న కణాల మీద సీడీ47 అనే ప్రోటీన్ ఉండి 'నన్ను తినొద్దు' అంటుందట. చచ్చినవాటిని వేళకి తీయకపోతే పగిలి, లోపలి సరుకంతా చుట్టూ కారి వాపు వస్తుంది. ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బులో ఈ శుభ్రం చేసే పని సరిగ్గా జరగకపోవడం కూడా ఒక కారణమంటారు.

"దూరాన ఉన్నదానికి కబురెలా వెళ్తుంది?" అమ్మ వదిలితేనా!

చచ్చే కణం ఏటీపీని, అంటే కణాలకి శక్తినిచ్చే పదార్థాన్ని, కొంచెం బయటికి వదులుతుంది, ఆ జాడ పట్టుకుని మ్యాక్రోఫేజ్ వస్తుంది. ఇక్కడ నేను దూరాను. ప్రతిదానికీ 'మనవాడే' అనడం నాకు నచ్చదు గానీ, ఇది చెప్పకుండా ఎలా? ఏటీపీని 1929లో ఇదే బోస్టన్‌లో, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో, ఫిస్క్‌తో కలిసి కనుక్కున్నది యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుక్కున్నాడు. వాళ్ళు దాన్ని కండరాల్లో చూశారు. అది చావు కబురు కూడా మోస్తుందని తేలింది చాలా దశాబ్దాల తర్వాత.

"ఆయన పుట్టింది మన భీమవరమే," అంది అమ్మ. మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఏటీపీ ఉంది, ఆయన పేరు లేదు. "నాకెందుకు చెప్పలేదు?" అని నా మీద విసుక్కుంది.

పరీక్ష అయిపోయింది. అమ్మ ప్రశ్నలు అవలేదు. కడుపులో బిడ్డకీ ఇలా కణాలు చస్తాయా అని నిన్న అడిగింది.

"చస్తాయి అమ్మమ్మా. మధ్యలోవి చస్తేనే వేళ్ళు విడివిడిగా వస్తాయి. లేకపోతే బాతు కాలే!"