అబ్బేలో డార్విన్

మొన్న లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బే అనే పెద్ద చర్చి చూశాను. కింద చూసుకోకుండా నడిస్తే డార్విన్ సమాధి మీదే కాలు పడుతుంది. నేలలో ఒక రాతి పలక, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అంతే. 1859లో జీవజాతుల పరిణామం గురించి ఆయన రాసిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ పుస్తకం రాగానే మతపెద్దల్లో చాలామంది మండిపడ్డారు. ఆ మనిషినే 1882లో చర్చిలో, న్యూటన్‌కి దగ్గర్లో పూడ్చారు!

నాకైతే అక్కడ ఆయన భార్య ఎమ్మానే గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో, మతం మీద భర్తకున్న సందేహాలు చూసి బెంగపడి ఉత్తరం రాసింది: మనం ఎప్పటికీ ఒకరికొకరం కాకుండా పోతామంటే తట్టుకోలేనని. దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చానని ఆయన దాని అడుగునే రాసుకున్నాడు. సైన్సా, మతమా అని కొట్టుకునేవాళ్ళు ఈ ఉత్తరం ఊసే ఎత్తరు.

ఇంట్లోవాళ్ళేమో తాము ఉండే డౌన్ ఊళ్ళోనే పూడ్చాలనుకున్నారు. సైంటిస్టులు, పార్లమెంటు సభ్యులు పట్టుబట్టి లండన్ తీసుకొచ్చారు. అంత్యక్రియలకు ఎమ్మా రాలేదు.