వార్మింట్ రైఫిల్‌కి కొత్త స్టాక్: కొనేముందు కొలతలు, బిగించేముందు బెడ్డింగ్

సౌత్ డకోటా, వయోమింగ్ మైదానాల్లో ప్రెయిరీ డాగ్‌ల (బొరియలు తవ్వే ఉడుత జాతి జంతువుల) వేటకి తీసుకెళ్లే రైఫిళ్లలో రెమింగ్టన్ 700 ఎస్‌పీఎస్ వార్మింట్ ఒకటి (వార్మింట్ అంటే చేటు చేసే చిన్న జంతువు). 26 అంగుళాల బరువైన బ్యారెల్‌కి వంక పెట్టలేం. తేలిపోయేది దాంతో వచ్చే ప్లాస్టిక్ స్టాకే, అంటే లోహ భాగాలు కూర్చునే, భుజానికి ఆనించే భాగం. తూటాలు తీసేసి, ఛాంబర్ ఖాళీగా ఉందని చూసుకుని, బ్యారెల్‌నీ ఫోరెండ్ (స్టాక్ ముందు భాగం) కొసనీ కలిపి గుప్పిట్లో గట్టిగా పిండండి. రెండూ తాకాయా? అయితే బైపాడ్ (రెండు కాళ్ల ఊత) మీద మీరు ఒరిగిన ప్రతిసారీ తాకుతాయి, గుండు ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతుంది. లోపల గీకి సందు పెంచితే తాకడం తగ్గుతుందేమో గానీ మెతకదనం పోదు.

"రెమింగ్టన్ 700కి కావాలి" అని ఆర్డర్ పెడితే చాలదు. .223, .22-250 తూటాలవి షార్ట్ యాక్షన్‌లో (యాక్షన్ అంటే బోల్టు కదిలే లోహపు భాగం) వస్తాయి, .25-06 లాంగ్ యాక్షన్‌లో. తర్వాత అడుగుభాగం చూడండి: ఏడీఎల్ రకం స్టాక్‌కి కింద మూత ఉండదు, బీడీఎల్‌కి తెరుచుకునే ఫ్లోర్‌ప్లేట్ ఉంటుంది. ఒకదాని స్టాక్ రెండోదానికి నేరుగా కుదరదు. వార్మింట్ బ్యారెల్ మూతి దగ్గర దాదాపు 0.82 అంగుళాల మందం, స్పోర్టర్ (సన్న బ్యారెల్ రకం) స్టాక్ గాడిలో అది కూర్చోదు. సావేజ్ కంపెనీ రైఫిళ్లతో ఇంకో తలనొప్పి: షార్ట్ యాక్షన్‌లోనే, యాక్షన్‌ని స్టాక్‌కి బిగించే స్క్రూల మధ్య దూరం కొన్నింటికి 4.275 అంగుళాలు, కొన్నింటికి 4.4. స్కేలు పెట్టి కొలవాల్సిందే.

లామినేట్ చెక్క (పలచటి పొరలు అతికించినది) చవక, బిగువు, కాస్త బరువు. ఈ పనికి బరువు మంచిదే: రైఫిల్ ఎగరకపోతే తగిలిందో లేదో స్కోప్‌లోనే కనిపిస్తుంది. అల్యూమినియం బ్లాక్ ఉన్న హెచ్-ఎస్ ప్రెసిషన్ లాంటిదైతే బిగించి వాడుకోవచ్చు. బెడ్డింగ్ (యాక్షన్ కదలకుండా కూర్చునేలా స్టాక్‌లో గట్టిపడే ఎపాక్సీ జిగురు వేయడం) చేసే ఓపిక లేనివాళ్లకి నా ఓటు దీనికే. ఏది కొన్నా ఫోరెండ్ అడుగు వెడల్పుగా, చదునుగా ఉండాలి. గుండ్రటిది ఇసుక సంచి మీద దొర్లుతుంది. చెంప ఆనే చోటు ఎత్తు మార్చుకునే రకమైతే, దాన్ని పైకెత్తినప్పుడు కూడా బోల్టు వెనక్కి ఊడి వస్తుందా అని అడగండి. చాలావాటిలో అడ్డు తగులుతుంది, శుభ్రం చేసే ప్రతిసారీ దించుకోవాలి.

లామినేట్‌కి బెడ్డింగ్ చేయించడమో చేసుకోవడమో తప్పదు. డెవ్‌కాన్, మెరీన్-టెక్స్ లాంటి ఎపాక్సీ వాడతారు. రీకాయిల్ లగ్‌కి (యాక్షన్ ముందు కిందికి ఉండే, వెనక్కి తన్నే దెబ్బ మోసే లోహపు దిమ్మకి) ముందు, పక్కల, అడుగున టేపు అతికించి, వెనక వైపు మాత్రం వదిలేయండి. దెబ్బ మోయాల్సింది ఆ ముఖమే. అన్ని వైపులా బిగిస్తే మళ్లీ తీసి పెట్టినప్పుడు సరిగ్గా అదే చోట కూర్చోదు. ఎపాక్సీ తగిలే ప్రతి లోహానికీ విడుదల మైనం (అతుక్కోనివ్వనిది) పూయండి, కన్నాల్లో మోడలింగ్ క్లే నింపండి. ఒక్క కన్నం మరిచినా యాక్షన్ స్టాక్‌తో ఒకటైపోతుంది. సావేజ్ అయితే వెనక స్క్రూ దాటాక ఉండే టాంగ్ (యాక్షన్ వెనక తోక) స్టాక్‌కి తాకకూడదు.

బిగించేటప్పుడు రైఫిల్‌ని భుజానికి ఆనే వెనక కొస మీద నిలబెట్టండి, లగ్ వెనక్కి ఆనుతుంది. ముందు స్క్రూ మొదట, వెనకది తర్వాత. అల్యూమినియం బ్లాక్‌కి 65 అంగుళాల-పౌండ్లు, పిల్లర్లు (స్క్రూల చుట్టూ ఉండే లోహపు గొట్టాలు) లేని చెక్కకి 35–40 చాలు, మించితే చెక్క నలుగుతుంది. స్టాక్ తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించండి. ముందు స్క్రూ బిగించగానే బోల్టు పట్టేస్తే, ఆ స్క్రూ కొస బోల్టు లగ్‌లకి తగులుతున్నట్టు, కొద్దిగా అరగదీయాలి. మ్యాగజైన్ పెట్టె కాస్త కదలాలి. అది యాక్షన్‌కీ ఫ్లోర్‌ప్లేట్‌కీ మధ్య నలిగితే స్క్రూల బిగువంతా అదే మింగేస్తుంది, బెడ్డింగ్ వృథా.

చివరగా బ్యారెల్ మీద డయల్ ఇండికేటర్ (సన్నటి కదలిక కొలిచే సాధనం) బిగించి, ముల్లు ఫోరెండ్ కొసకి ఆనించి, ముందు స్క్రూ మెల్లగా వదలండి. 0.002 అంగుళాలు దాటి కదిలితే యాక్షన్ ఇంకా వంగుతోందనే, బెడ్డింగ్ మళ్లీ చేయాలి. దాటకపోతే స్క్రూ తిరిగి బిగించి, జీరో (స్కోప్ గురి) కొత్తగా సరిచూసుకోండి. మొదటి పెట్టె తూటాలు అయ్యాక టార్క్ రెంచ్ (బిగువు కొలిచే రెంచి) ఇంకోసారి పెట్టండి.