గసగసాల గింజంత పిడుదు, 72 గంటల గడువు

మా అమ్మ కరీంనగర్ నుంచి అమెరికాలోని కనెక్టికట్‌కు వచ్చి మాతో ఉన్న వేసవిలోనే నాకు పిడుదు కాటు వల్ల వచ్చే లైమ్ జబ్బు వచ్చింది. హార్ట్‌ఫర్డ్ దగ్గర మా ఇంటి పెరడు ఎక్కడ ముగుస్తుందో అక్కడి నుంచే అడవి మొదలవుతుంది. ఆ అంచున గోంగూర, బచ్చలి, సొర తీగ వేసుకున్నాం. జూన్ నెల మొదటి శనివారం సాయంత్రం ఆ మళ్లలో కూర్చుని కలుపు తీశాను. సోమవారం రాత్రి స్నానం చేస్తుంటే కుడి మోకాలి వెనుక మడతలో చిన్న పొక్కులాంటిది చేతికి తగిలింది. పుట్టుమచ్చేమో అనుకుని అద్దంలో చూస్తే, ఆ మచ్చకు కాళ్లున్నాయి.

"గోమారి" అన్నది అమ్మ చూడగానే, అంటే పిడుదు. బర్రెల చెవుల్లోంచి వాటిని ఏరిన చేతులు ఆమెవి. "ఇంత గాసునూనె పోయ్ బిడ్డా, అదే ఊడుతది" అన్నది. ఇంట్లో కిరోసిన్ లేకపోవడం మంచిదే అయింది. ఎందుకంటే కిరోసిన్ పోసినా, వాజిలీన్ రాసినా, నిప్పు తగిలించినా ఆ పురుగు అలజడి చెంది తనలోని ద్రవాన్ని మన ఒంట్లోకి వదిలే ప్రమాదం ఉందని నాకు తర్వాత తెలిసింది. మా వారు దాన్ని వేళ్లతో పట్టి లాగి, సింకులో వేసి నీళ్లు వదిలారు. నొప్పి లేదు, దురద లేదు. తెల్లవారేసరికి ఆ సంగతే మరచిపోయాను.

ఆ రాత్రి నాకు తెలియనిదేమిటో ఇక్కడ చెప్పాలి. నల్లకాళ్ల పిడుదు, అంటే ఇక్కడి వాళ్లు జింక పిడుదు అని పిలిచేది, మే నుంచి జూలై దాకా పిల్ల దశలో ఉంటుంది, గసగసాల గింజకు మించి ఉండదు. పేరు జింకది అయినా, ఆ పురుగుకు లైమ్ జబ్బు తెచ్చే బొరేలియా అనే బ్యాక్టీరియాను ఎక్కువగా అంటించేది తెల్లపాదాల ఎలుక. ఆ బ్యాక్టీరియా పిడుదు పేగులో ఉంటుంది. పురుగు కరిచి పట్టుకుని రక్తం తాగడం మొదలుపెట్టాక గానీ అక్కడి నుంచి కదిలి లాలాజల గ్రంథులకు చేరదు. అందువల్ల మొదటి 24 గంటల్లో తీసేస్తే జబ్బు సోకే అవకాశం చాలా తక్కువ, 36 గంటలు దాటితే ముప్పు పెరుగుతుంది. నా కాలికి అది దాదాపు 48 గంటలు అంటుకుని ఉంది. అప్పటికీ మించిపోలేదు. పిడుదును తీసిన 72 గంటల లోపల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 200 మిల్లీగ్రాములు ఒకే ఒక్క మోతాదుగా వేసుకోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌చెస్టర్ కౌంటీలో జరిగి 2001లో ప్రచురితమైన పరిశోధనలో, ఆ ఒక్క మోతాదు వేసుకున్న 235 మందిలో ఒకరికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 247 మందిలో 8 మందికి, లైమ్ జబ్బుకు తొలి గుర్తుగా చర్మం మీద వచ్చే మచ్చ వచ్చింది. ఈ జబ్బుకు పేరిచ్చిన లైమ్ అనే ఊరు మా ఇంటికి గంటలోపు ప్రయాణం. 1970లలో అక్కడి పిల్లల కీళ్లు వాస్తుంటే తల్లులు పట్టుబట్టి అడగబట్టే ఈ జబ్బు వెలుగులోకి వచ్చింది. అంత దగ్గర ఉండి కూడా ఆ మూడు రోజుల గడువు గురించి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పన్నెండో రోజున జ్వరం వచ్చింది. ఒళ్లంతా నొప్పులు, మెడ పట్టేసింది, మెట్లెక్కితే నీరసం. మోకాలి పైన తొడ వెనుక అరచేయంత మచ్చ కనిపించింది. బొమ్మల్లో చూపించే ఎర్రని వలయం, మధ్యలో చుక్క, అలాంటిదేమీ కాదు. నా చామనఛాయ ఒంటి మీద అది కమిలిన దెబ్బలా, ఊదారంగు కలిసిన గోధుమరంగులో ఉంది, చేత్తో తాకితే కాస్త వెచ్చగా తగిలింది. దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్తే, ఎక్కడో తగిలి కమిలి ఉంటుందని, జ్వరం వైరస్ వల్ల వచ్చిందని చెప్పారు. రక్తపరీక్షలో లైమ్ లేదని వచ్చింది. ఆ పరీక్ష వెతికేది క్రిమిని కాదు, క్రిమిని ఎదుర్కోవడానికి మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి తయారు కావడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక, మచ్చ కనిపించిన తొలి రోజుల్లో లేదని వచ్చిన ఫలితానికి విలువ లేదు. అలాంటి మచ్చ ఉంటే పరీక్ష కోసం ఆగకుండా మచ్చను చూసే వైద్యం మొదలుపెట్టాలి. తెల్లని చర్మం మీద తీసిన ఫొటోలే అందరి మనసుల్లో నాటుకుపోవడం వల్ల మనలాంటి వాళ్ల ఒంటి మీద ఆ మచ్చను గుర్తుపట్టలేరు. నాకు జరిగిన నష్టమంతా అక్కడే జరిగిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో పది రోజులకు, పొద్దున నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పెదవి చివర నుంచి కారిపోయాయి. ఎడమ కన్ను మూత పడలేదు. అమ్మ నా ముఖం చూసి పక్షవాతమని ఏడ్చింది. ఎమర్జెన్సీలో డాక్టరు కనుబొమలు పైకెత్తమన్నారు. నుదుటి మీద ఎడమ వైపు ఒక్క ముడత కూడా పడకపోవడం చూసి, మెదడుకు వచ్చిన పక్షవాతమైతే సాధారణంగా నుదురు కదులుతుందని, ఇది ముఖానికి వచ్చే నరం దెబ్బతినడమని వివరించి, ఈ మధ్య పిడుదు ఏదైనా కరిచిందా అని అడిగారు. రక్తపరీక్ష మళ్లీ చేస్తే ఈసారి లైమ్ ఉందని తేలింది.

డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 21 రోజులు. కరీంనగర్‌లో వైద్యుడైన మా అన్నయ్యకు ఫోన్ చేస్తే, చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి తామూ ఇదే మందు ఇస్తామని ధైర్యం చెప్పాడు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, ఎండలోకి వెళ్తే చర్మం కందిపోతుంది. పాలు, పెరుగు, ఐరన్ మాత్రలు మందు ఒంటపట్టకుండా అడ్డుపడతాయి గనుక రెండు గంటల ఎడం ఉండాలి. అందుకని అమ్మ పెరుగన్నం వేళను మార్చి, మాత్ర వేళకు పప్పన్నం పెట్టేది. రాత్రిళ్లు కంట్లో మందు వేసి, రెప్పను టేపుతో మూసేది. ఆ రోజుల్లో ప, బ, మ అక్షరాలు సరిగ్గా పలికేవి కావు. "అమ్మా" అనడానికి కూడా రెండు పెదవులు కలవాలని అప్పుడే తెలిసింది. నాలుగో వారంలో పెదవి చివర కాస్త కదిలింది, రెండు నెలలకు ముఖం సరిపోయింది. నీరసం మాత్రం చాలాకాలం వదల్లేదు. బతుకమ్మ ఆడుతూ రెండు పాటలకే కూర్చుండిపోయాను.

ఆ తర్వాతి ఏడాది మే నెలలో మా తొమ్మిదేళ్ల బాబు శుక్రవారం సాయంత్రం తోటి పిల్లలతో క్యాంపుకు వెళ్లి ఆదివారం తిరిగొచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి వాడి ఒళ్లంతా వెతికాను: జుట్టు, చంకలు, బొడ్డు, నడుము, గజ్జలు, మోకాళ్ల వెనుక. ఎడమ చెవి వెనుక దొరికింది, అప్పటికే రక్తం తాగి ఉబ్బి ఉంది. సన్నమొన ప్లక్కర్‌తో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి, మెలితిప్పకుండా నిదానంగా నేరుగా పైకి లాగాను. సబ్బుతో కడిగి స్పిరిట్ రాశాను. పురుగును పారదర్శకమైన టేపుతో కాగితానికి అతికించి, తీసిన తేదీ, గంట రాశాను. గడువు బుధవారం రాత్రి తొమ్మిది.

సోమవారం పొద్దున పిల్లల డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేస్తే, మచ్చ వస్తే అప్పుడు తీసుకురమ్మన్నారు. నేను ఫోన్ పెట్టేయలేదు. అది నల్లకాళ్ల పిడుదేనని, ఉబ్బి ఉందని, 36 గంటలకు పైగా అంటుకుని ఉండవచ్చని, తీసి పన్నెండు గంటలు కూడా కాలేదని ఒక్కొక్కటే చెప్పి, డాక్టరుతోనే మాట్లాడతానన్నాను. మధ్యాహ్నం ఆయన పురుగును చూసి, బాబు బరువును బట్టి, కిలోకు 4.4 మిల్లీగ్రాముల చొప్పున లెక్కగట్టి ఒక్క మోతాదు రాశారు. ఈ మోతాదు పూర్తి భరోసా కాదని, పిడుదు మోసుకొచ్చే వేరే జబ్బులను ఇది ఆపుతుందని అనుకోవద్దని, మచ్చ గానీ జ్వరం గానీ వస్తే వెంటనే రావాలని, 30 రోజులు కనిపెట్టి ఉండమని చెప్పారు.

ఆ నెలంతా రోజూ సాయంత్రం ఒకే చోట, ఒకే దీపం కింద వాడి చెవి వెనుక ఫొటో తీశాను. క్యాంపు బట్టలను ఉతకకముందే డ్రయ్యర్‌లో బాగా వేడి మీద తిప్పాను, ఎందుకంటే పొడి వేడికి పిడుదులు చస్తాయి, గోరువెచ్చని నీళ్లకు చావవు. ఇప్పుడు పెరట్లోకి వెళ్లాలంటే పెర్మెత్రిన్ అనే పురుగుమందు చల్లిన ప్యాంటు వేసుకుని, దాని అంచులు మేజోళ్లలోకి దోపుకుంటాను. గోంగూర మడిని చెట్ల అంచు నుంచి ఎండ పడే చోటికి మార్చాం.

ముప్పయ్యో రోజు కరీంనగర్ నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. ఫొటోలు చాలవన్నది. అమ్మమ్మకు చెవి వెనుక బాగా కనిపించేలా బాబు కిటికీ వెలుతురులోకి తిరిగి, ఆమె చాలనేదాకా కదలకుండా నిలబడ్డాడు.