నాన్న కండక్టర్ సంచికి కొబ్బరినూనె రాశాను

మీ ఇంట్లో పాత తోలు వస్తువు ఏదైనా ఉంటే దయచేసి దానికి నూనె రాయకండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చేసిన తప్పు అదే, దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్. ఆయన భుజాన వేలాడిన చిల్లర సంచిని ఊళ్ళో చెప్పులు కుట్టే తాత దగ్గర సొంత డబ్బులతో కుట్టించుకున్నారు. తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందలో, అంటే తోళ్లు ఊరబెట్టే తొట్టిలో, నానబెట్టిన తోలు అది, క్రోమియం లవణాలతో పదును చేసే క్రోమ్ తోలు కాదు అని గర్వంగా చెప్పేవారు. ఆయన పోయాక అమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టింది. మాది కాకినాడ, ఇక్కడి గాలిలో తేమ సంగతి తెలిసిందే. మూడేళ్ల తర్వాత దించి చూస్తే బిరుసెక్కి, మూలల్లో తెల్లగా బూజు పట్టి ఉంది.

"కాస్త కొబ్బరినూనె పట్టించు, మెత్తబడుద్ది" అంది అమ్మ. మన ఇళ్లలో అందరం చేసేదే కదా అని మూతకి రెండు వైపులా బాగా పట్టించాను. ఆ రోజుకి నిగనిగలాడింది, చాలా సంతోషపడ్డాం. నెల తిరిగేసరికి నూనె తగిలిన చోటల్లా నల్లటి మచ్చలు, చేత్తో ముట్టుకుంటే జిగురు, పైన దుమ్ము అంటుకుపోయి ఒక రకమైన చిక్కు వాసన. డిసెంబర్ వచ్చాక మళ్ళీ తెల్లటి పొర. ఇంత చేసినా బూజు పోలేదే అని భయపడ్డాను కానీ అది బూజు కాదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది కదా, తోలులో ఇంకిన నూనె అలా పైకి తేలింది.

ఈ రెండింటికీ తేడా కనిపెట్టడం సులభమే. హెయిర్ డ్రైయర్‌ని తక్కువ వేడిలో పెట్టి, బాగా దూరం నుంచి కొన్ని సెకన్లు గాలి తగలనివ్వండి. కరిగి మాయమైతే కొవ్వు, అలాగే ఉంటే బూజు. ఎక్కువ సేపు మాత్రం వద్దు, పాతబడిన తోలు వేడికి ముడుచుకుపోతుంది, ఎండలో ఆరబెట్టకూడదనేదీ అందుకే. బూజైతే ముక్కుకి మాస్క్ కట్టుకుని, ఆరుబయట నీడలో, మెత్తటి బ్రష్‌తో దులపాలి. తడిబట్టతో తుడిస్తే అది ఇంకా లోపలికి పోతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది అడుగు భాగం. వేలితో రాస్తే ఎర్రటి పొడి రాలుతోంది. చెట్టు బెరడుతో పదును చేసిన తోలుకి వచ్చే జబ్బు ఇది, ఇంగ్లీషులో రెడ్ రాట్ అంటారు. పొగలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్‌ని తోలు పీల్చుకుని, ఏళ్లు గడిచేకొద్దీ అది లోపల ఆమ్లంగా మారి నారని తినేస్తుంది. నాన్న సంచి ఎన్నేళ్లు డీజిల్ పొగలో తిరిగిందో తలుచుకుంటే ఆశ్చర్యమేమీ అనిపించలేదు. ఈ పొడి తోలుకి నీళ్లు తగిలితే అక్కడికక్కడే నల్లబడి గట్టిపడిపోతుంది, మళ్ళీ మామూలు కాదు. మ్యూజియంలలో దీనికి ఆల్కహాల్‌లో కలిపిన ఒక రకం సెల్యులోజ్ పూత వేసి పొడి రాలకుండా నిలబెడతారు. పోయిన బలం దానితో తిరిగి రాదు, ఉన్నది నిలుస్తుందంతే. ఇంట్లో నేను ప్రయత్నించలేదు, ఆ భాగాన్ని రుద్దకుండా వదిలేశాను.

ఇత్తడి బకిల్ చుట్టూ పచ్చటి మైనం లాంటిది పేరుకుంది. ఇత్తడిలో రాగి, తోలులో కొవ్వు కలిసి చేసే పని అది. చింతపండుతో తోమేద్దామని చెయ్యి దాకా వచ్చింది, కానీ ఆ పులుపు తోలులోకి దిగితే అసలుకే మోసం. బకిల్ కింద బటర్ పేపర్ దూర్చి, టూత్‌పిక్‌తో కొద్దికొద్దిగా గీకి, పొడిబట్టతో తుడిచాను. ఒక్క బకిల్‌కే ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది.

కుట్లు ఊడిన చోట ఆ తాత కొడుకు దగ్గరికే తీసుకెళ్ళాను. మిషన్ మీద వద్దు బాబాయ్ అంటే, "పాత బెజ్జాల్లోంచే ఆరెతో కుడతాలే, కొత్త బెజ్జం పడితే చిరిగిపోద్ది" అన్నాడు. నేను చదివి తెలుసుకున్నది ఆయనకి చేతికే తెలుసు. మూత అంచున నాన్న బొటనవేలు తగిలి తగిలి నున్నగా, నల్లగా అయిన చోటు ఒకటుంది. దాన్ని చూసి, శుభ్రం చెయ్యనా అని అడగలేదు, నేనూ చెయ్యమనలేదు.

లోపలి మూలలో ఒక పావలా బిళ్ళ ఇరుక్కుని ఉంటే తీసేశాను. 2011 జూన్ 30 తర్వాత చెల్లని డబ్బు. దాన్ని అమ్మ దేవుడి గూట్లో పెట్టుకుంది.

ఇప్పుడు సంచిని అమ్మ పాత నూలు చీరలో చుట్టి, లోపల ఇంకో చీరముక్క ఉండలా పెట్టి, బీరువా మధ్య అరలో పడుకోబెట్టాను. పట్టీతో వేలాడదీస్తే బరువంతా కుట్ల మీద పడుతుంది. పక్కనే తేమ కొలిచే చిన్న మీటర్ పెట్టాను. 65 శాతం దాటిందంటే బూజుకి పండగే, అందుకే వానాకాలంలో రోజూ చూస్తున్నాను. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మారుస్తూ ఉంటాను. ప్లాస్టిక్ కవర్ దగ్గరికి కూడా రానివ్వను.

పట్టీ సంగతే ఇంకా తేలలేదు. భుజం మీద ఆనే చోట చెమటకి పగుళ్లిచ్చింది. కొత్త పట్టీ వేసేద్దామని బాబాయ్ అంటున్నాడు. పాతదాని కింద పల్చటి తోలు ఆనిస్తే సరిపోతుందేమోనని నాకు ఆశ.