మూడు సెంట్ల తీపి జొన్న: మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం?

జూన్ 24
పత్తికొండ దగ్గర మా ఎర్రనేలలో మొన్నటి వానకు పదును దొరికింది, తీపి జొన్న వేసేశాను. సాళ్ళ మధ్య అంతటా 60 సెంటీమీటర్లే. మొక్కల మధ్య మాత్రం ఒక సెంటులో 10, ఒకదాంట్లో 15, ఇంకోదాంట్లో 20. ఎకరా లెక్కన సుమారు 67 వేలు, 45 వేలు, 34 వేల మొక్కలు. 2018 జాతీయ జీవ ఇంధన విధానంలో ఇథనాల్ పంటల్లో దీని పేరూ ఉంది. నేనేం ఇంట్లో ఇథనాల్ తీయను లెండి, ఎక్సైజ్ వాళ్ళతో మనకెందుకు! దంటు బరువు, రసం తీపి చూడటం వరకే నా సరదా.

జులై 9
ఒత్తు మొక్కలు పీకాను. కంటి అంచనాతో మొదలుపెడితే ఎడం ఎక్కడికక్కడ తప్పింది. చివరికి పురికొసకు కొలత ప్రకారం ముళ్ళు వేసి సాలు వెంట లాగి కట్టి, ముడికొక మొక్క చొప్పున ఉంచాను. పీకినవి బర్రెకు వేయబోతే మా నాయన కేకేశాడు: "పసి జొన్న గొడ్లకు పెడతారంట్రా ఎవరన్నా?" నిజమే, లేత పైరులో సైనైడ్ విషం ఉంటుంది. గుంత తీసి పూడ్చేశాను.

ఆగస్టు 20
మూడు వారాలుగా చినుకు లేదు. 10 సెంటీమీటర్ల ముక్కలో పదకొండు గంటలకే ఆకులు చుట్టుకుంటున్నాయి. 20 ముక్క సాయంత్రం దాకా తట్టుకుంటోంది.

సెప్టెంబర్ 18
గాలివాన. ఒత్తుగా ఉన్నదే పడిపోయింది.

అక్టోబర్ 16
గింజ ముదిరిందనడానికి గుర్తుగా అడుగున నల్లమచ్చ వచ్చింది, కోశాను. గట్టు పక్క మొక్కలకు ఎండా చోటూ ఎక్కువ, అందుకే వాటిని వదిలేసి నడిమి మూడు సాళ్ళలో అయిదేసి మీటర్లే తూచాను. ఆకు, కంకి తీసేశాక 10 ముక్కలో 23 కిలోలు, 15లో 24, 20లో 20న్నర. మొక్కలు రెట్టింపు ఉన్నా బరువు పెరిగింది రెండున్నర కిలోలే!

కోసినవి నిలవుంటే చక్కెర తగ్గుతుందని అప్పుడే బస్టాండు దగ్గరి చెరకు రసం బండికి తీసుకెళ్ళాను. "ఇవేం పుల్లలు సార్, రోలర్‌కు అందవే" అని నవ్వాడు. 10 ముక్కవి నాలుగైదు కలిపి పెడితే గానీ నలగలేదు. రసంలో తీపి కొలిచే బ్రిక్స్ మీటర్‌లో చుక్క వేసి ఎండకు పెట్టి చూస్తే 15, 16, 16. తీపిలో పెద్ద తేడా లేదు.

వచ్చే ఏడు సాళ్ళు 45, మొక్కలు 20 పెడతా. సెంటుకు 15 ముక్కలో ఉన్న అవే 450 మొక్కలు, సర్దడమే వేరు. పురికొస ముళ్ళు మళ్ళీ వేసుకోవాలి.